పాఠకుల ప్రశ్నలు: సర్క్యూట్ బొమ్మ ఇస్తే చాలా?

ప్రశ్న: మట్టిలో తేమ చూసి, పొడిబారగానే రిలే ద్వారా నీళ్ల పంపు ఆన్ చేసే చిన్న బోర్డు డిజైన్ చేశాను. ఎవరైనా తయారు చేసుకునేలా దాన్ని అందరికీ ఇచ్చేయాలని ఉంది. సర్క్యూట్ పీడీఎఫ్, బోర్డు ఫొటో పెడితే చాలా? ఎవరో తీసుకుని అమ్ముకుంటారేమో అని టెన్షన్‌గా కూడా ఉంది. ‘వ్యాపారానికి వాడకూడదు’ అని రాయవచ్చా?
– ఎలక్ట్రానిక్స్ చదువుతున్న ఒక పాఠకురాలు

జవాబు: ఇచ్చేయాలని మీకు అనిపించినందుకు చాలా సంతోషమమ్మా. కానీ పీడీఎఫ్, ఫొటో చాలవు. ఎందుకు చాలవో నాకు జరిగింది చెబుతాను.

కొన్నేళ్ల కిందట ఇలాంటి రిలే బోర్డే ఒకటి నేనూ కట్టాను. ‘ఓపెన్ డిజైన్’ అని ఉంటే నమ్మాను. అందులో ఇచ్చింది సర్క్యూట్ పీడీఎఫ్, బోర్డు ముద్రించడానికి పంపే గెర్బర్ ఫైళ్లు, అంతే. రిలేని (కరెంట్‌తో నడిచే స్విచ్‌ని) నడిపే ట్రాన్సిస్టర్ దగ్గర ‘ఎన్‌పీఎన్’ అని రకం మాత్రం ఉంది, నంబరు లేదు. నా డబ్బాలో 2ఎన్3904 ఉంటే పెట్టి సోల్డర్ చేశాను. బోర్డు మీద గీసిన అర్ధచంద్రాకారంలో చక్కగా కూర్చుంది. కరెంట్ ఇస్తే ఎల్ఈడీ వెలిగింది, రిలే మాత్రం టిక్కుమనలేదు. ట్రాన్సిస్టర్‌ని ఆన్ చేసే కాలు బేస్, దాని దగ్గర మీటరు పెడితే 0.7 వోల్టుల దాకా కనిపిస్తోంది, అంటే ప్రోగ్రాం తన పని తాను చేస్తోంది. అయినా నమ్మకం కుదరక రెండు రాత్రులు ప్రోగ్రాంలోనే తప్పు వెతికాను.

తప్పు కాళ్ల దగ్గర ఉంది. డిజైన్ చేసినాయన మనసులో ఉన్నది బీసీ547. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. చదును వైపు మనకేసి తిప్పి, కాళ్లు కిందికి పెట్టి చూస్తే బీసీ547కి మూడు కాళ్లూ ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904కి ఎమిటర్, బేస్, కలెక్టర్. బేస్ రెండింటికీ నడుమే కాబట్టి తిరగేసి పెట్టినా నా బోర్డులో అది కాలిపోలేదు. గెయిన్ (కరెంట్‌ని పెంచే శక్తి) బాగా పడిపోయి, రిలే లోపలి కాయిల్‌కి చాలినంత కరెంట్ ఇవ్వలేక నీరసంగా పని చేసింది. పూర్తిగా చచ్చిపోయి ఉంటే పది నిమిషాల్లో దొరికేది. ఊడదీసి తిప్పి పెట్టగానే రిలే టక్కుమంది.

పోనీ, తర్వాత కట్టేవాళ్లకి ఈ బాధ లేకుండా బోర్డు సవరించి ఇద్దామనుకున్నాను. సవరించడానికి నా చేతిలో ఏమీ లేదు. గెర్బర్ అంటే రాగి ఎక్కడ ఉండాలో చెప్పే అచ్చు. వండిన అన్నం లాంటిది, మళ్లీ బియ్యం చేయలేం. మొత్తం బోర్డు కీక్యాడ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మొదటి నుంచీ గీసుకున్నాను.

కాబట్టి మీరు గీసిన అసలు ఫైళ్లే ఇవ్వండి: సర్క్యూట్‌దీ, బోర్డుదీ. ప్రోగ్రాం సోర్స్ ఇవ్వండి. విడిభాగాల జాబితాలో ప్రతిదానికీ పూర్తి నంబరు రాయండి, బదులు ఏది పెట్టవచ్చో, ఏది పెట్టకూడదో పక్కనే రాయండి. నేను పడ్డ అవస్థ గుర్తుంచుకుని ట్రాన్సిస్టర్ కాళ్ల పేర్లు బోర్డు మీదే ముద్రించండి. పీడీఎఫ్ కూడా ఉంచండి, చదువుకోవడానికి బాగుంటుంది. ఓపెన్ సోర్స్ హార్డ్‌వేర్ (ఎవరైనా తయారు చేసుకుని, మార్చుకునేలా డిజైన్ ఇచ్చేసిన వస్తువు) నిర్వచనం కూడా ఇదే అడుగుతుంది: మార్పులు చేయడానికి ఏ రూపం అనువుగా ఉంటుందో ఆ రూపంలోనే డిజైన్ ఇవ్వాలి.

ఇక అమ్మకం సంగతి. ‘వ్యాపారానికి వాడకూడదు’ అని రాస్తే ఆ నిర్వచనం ప్రకారం అది ఓపెన్ హార్డ్‌వేర్ అవ్వదు. నిర్వచనం పక్కన పెట్టినా నేను వద్దనే అంటాను. బోర్డు ఒక్కటే చేయించుకోవడం ఎవరికీ గిట్టదు. పది చేయించి తొమ్మిది అమ్మేవాళ్లు ఉంటేనే సోల్డరింగ్ రానివాళ్ల దాకా మీ పని వెళ్తుంది. మీరు భయపడాల్సింది అమ్మేవాళ్ల గురించి కాదు, మెరుగుపరిచి ఆ మెరుగుదల దాచుకునేవాళ్ల గురించి. దానికి సెర్న్ ఓపెన్ హార్డ్‌వేర్ లైసెన్స్ ఉంది. సెర్న్ అనే జెనీవా దగ్గరి భౌతికశాస్త్ర ప్రయోగశాల తన పరికరాల కోసం 2011లో రాసుకున్నది, 2020లో రెండో వెర్షన్ వచ్చింది. అందులో మూడు రకాలున్నాయి. గట్టి రకం తీసుకుంటే, మీ బోర్డు మార్చి అమ్మేవాళ్లు మార్చిన డిజైన్ కూడా ఇవ్వాలి. నేనైతే అదే తీసుకుంటాను. ఒకటి మాత్రం తెలిసి ఉండండి: కాపీరైట్ మీ గీతకే గానీ, సర్క్యూట్ పని చేసే తీరుకి కాదు. మీ బోర్డు చూసి ఎవరైనా సొంతంగా మళ్లీ గీసుకుంటే ఈ లైసెన్స్ ఆపలేదు.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ అయితే కాపీ ఊరికే వస్తుంది. వస్తువుకి ఖర్చవుతుంది కదా, ‘స్వేచ్ఛా హార్డ్‌వేర్’ అన్న మాటకి అర్థముందా?

జవాబు: స్వేచ్ఛ వస్తువుది కాదు, డిజైన్‌ది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ కూడా 2015లో ఈ తేడా విడమర్చి చెప్పారు.

నన్ను ఈ దారిలోకి లాగింది రెప్‌రాప్. ఇంగ్లండ్‌లోని బాత్ యూనివర్సిటీలో ఏడ్రియన్ బౌయర్ 2005లో మొదలుపెట్టారు: తన ప్లాస్టిక్ భాగాలను తానే ముద్రించుకునే 3డీ ప్రింటర్. 2008లో డార్విన్ అనే మోడల్ అలా ముద్రించిన భాగాలతో రెండో యంత్రం తయారై పని చేసింది. మోటార్లు, కడ్డీలు, నట్లు కొనాల్సిందే, ఆ ఖర్చు ఎక్కడికీ పోలేదు. కానీ డిజైన్ అందరిదీ కావడంతో ఒకరికి కష్టమైన చోట ఇంకొకరు సులువు చేశారు. ప్రూసా పేరుతో మొదట వచ్చిన ప్రింటర్లు ఆ వంశంలోవే. ఇంకో సంగతి: ప్లాస్టిక్ తీగ కరిగించి పొర మీద పొర పోసే పద్ధతికి ఉన్న మూల పేటెంట్ 2009లో ముగిసింది. ఆ తర్వాతే చవక ప్రింటర్లు వెల్లువెత్తాయి. వస్తువుల విషయంలో అసలు అడ్డుగోడ కాపీరైట్ కంటే పేటెంటే.

ప్రశ్న: ప్రోగ్రాం రాసి వాడుకునే చిన్న బోర్డు ఆర్డునో ఊనో డిజైన్ ఓపెన్ అంటారు. నేను అలాంటి బోర్డే చేసి ‘ఆర్డునో’ అని అమ్మవచ్చా?

జవాబు: బోర్డు చేయవచ్చు, అమ్మవచ్చు. ఊనో ఫైళ్లు క్రియేటివ్ కామన్స్ (పనిని అందరితో పంచుకోవడానికి రాసిన) లైసెన్స్ కింద ఉన్నాయి, మూలం చెప్పి, మీ మార్పులు కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. పేరు మాత్రం వాడకూడదు, అది ట్రేడ్‌మార్క్. (ఇటలీలోని ఇవ్రేయాలో ఆర్డునో మొదలుపెట్టినవాళ్లు కూర్చునే బార్ పేరది.) బోర్డు మీదున్న ఏటీమెగా328పీ చిప్ లోపలి డిజైన్ కూడా ఓపెన్ కాదు, చిప్ కొనుక్కోవాల్సిందే. మీ బోర్డుకి వేరే పేరు పెట్టుకుని, ‘ఆర్డునోతో పని చేస్తుంది’ అని కింద రాసుకోండి.