మనిషికి, సమాజానికి మతం అవసరమా?

మతం లేకుండా మనిషి నీతిగా బతకగలడా, సమాజానికి మతం నిజంగా కావాలా అని మీరు అడిగారు. వ్యక్తికి మతం తప్పనిసరి కాదని నా అభిప్రాయం. అయితే సమాజంలో మతం ఇన్నాళ్లూ నెరవేర్చిన కొన్ని పనులు మాత్రం ఎవరో ఒకరు చేయక తప్పదు. మా ప్రాంతంలో వాటిని అందుకునే మరో ఏర్పాటు ఇంకా నిలదొక్కుకున్నట్లు నాకు కనిపించలేదు.

మాది చిత్తూరు దగ్గర పల్లె. నేను ఇంటర్ చదివేటప్పుడు మా నాయనకూ చిన్నాయనకూ అప్పు తగాదా వచ్చింది. బోరు వేయించుకోవడానికి నాయన ఇచ్చిన డబ్బుకు కాగితం లేదు, సాక్షి లేడు. మొత్తం తీర్చేశానని చిన్నాయన, ముట్టలేదని నాయన. రెండుసార్లు పంచాయితీ చేసిన పెద్దమనుషులు చివరికి కాణిపాకంలో ప్రమాణానికి రమ్మన్నారు. వరసిద్ధి వినాయకుడి ఎదుట అబద్ధపు ప్రమాణం చేసినవాడు బాగుపడడని మా వైపు గట్టి నమ్మకం. ఆ రోజు ఇద్దరూ కోనేటిలో మునిగి తడిబట్టలతో గట్టెక్కారు. చిన్నాయన పంచె అంచు నుంచి కారిన నీళ్లు మెట్టు మీద మడుగు కట్టాయి. ఆయన చాలాసేపు ఆ మడుగునే చూస్తూ నిలబడి, గుడిలోకి అడుగు పెట్టకముందే, "సగమే ఇచ్చినా అన్నా, మిగిలింది ఇయ్యలేదు" అన్నాడు.

అది భయమే కదా అని మీరు అనవచ్చు. కొంత భయమే. కానీ పోలీసుల పేరెత్తినా జంకని మనిషి, ఎవరూ చూడని పనిని కూడా చూసినవాడొకడు ఉన్నాడన్న ఎరుకతో తల వంచాడు. నాయన ఆ మిగిలిన డబ్బు మళ్లీ అడగలేదు. పదకొండేళ్ల తర్వాత నాయన పోయినప్పుడు పాడె మోయడానికి ముందుగా భుజం పట్టింది చిన్నాయనే.

అదే నమ్మకం మా ఊరి గంగమ్మ గుడి దగ్గర మరో పని చేసింది. జాతరలో పలకలు మోగందే అమ్మ కదలదంటారు. ఆ పలకలు వాయించేవాళ్లు తెచ్చిన పొంగలి కుండ మాత్రం గుడి గడప దాటేది కాదు. బడిలో నా పక్కన కూర్చునే మిత్రుడి తల్లి ఆ కుండ పట్టుకుని ఎండలో నిలబడటం నేను చూశాను, ఇప్పటికీ మరువలేను. అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగం 17వ అధికరణం పేరు చెప్పి, ఆ దళితవాడ కుర్రవాళ్లు అధికారులను పిలిపించిన తర్వాతే ఆ గడప తెరుచుకుంది. అందుకే న్యాయాన్ని పూర్తిగా మతం చేతికి వదిలేయమని నేను ఎన్నటికీ చెప్పను.

మతం లేకుండా ఉన్నతంగా బతికినవారు మనకు కొత్త కాదు. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, తనను జగద్గురువుగా నిలబెట్టడానికి ఏర్పడిన సంఘాన్ని 1929లో తానే రద్దు చేశారు. గోరాగా పేరుపడ్డ గోపరాజు రామచంద్రరావు, ఆయన భార్య సరస్వతి 1940లో నాస్తిక కేంద్రం స్థాపించి, అంటరానితనం మీద జీవితాంతం పోరాడారు. అయితే వారికున్న చదువు, సాహసం, తోడు నిలిచే మనుషులు అందరికీ ఉండరు.

తిరుపతిలో నాతో పనిచేసే ఒక నాస్తిక మిత్రుడి తండ్రి చనిపోయారు. ఆయన కోరిక ప్రకారం ఏ కర్మకాండా జరపలేదు. వచ్చినవాళ్లం ఏం చేయాలో తెలియక కాసేపు నిలబడి, ఒక్కొక్కరమే కదులుతున్నాం. మిత్రుడి తల్లి నా చేయి పట్టుకుని, "ఇప్పుడు నేనేం చేయాల నాయనా?" అని అడిగింది. నేను పూజలు చేసేవాడిని కాను, అయినా నా దగ్గర జవాబు లేదు. స్నేహితులం మాట్లాడుకుని, వంతులవారీగా రోజూ సాయంత్రం క్యారియర్ తీసుకుని ఆమె దగ్గరకు వెళ్లి కూర్చున్నాం. ఎవరూ లెక్క చెప్పలేదు, అయినా పదకొండు రోజులు వెళ్లాం.