పాత రేబర్న్‌ని ఇంకో చలికాలం లాగించవచ్చా?

ప్రశ్న: వేల్స్‌లో కార్మార్థెన్ దగ్గర పల్లెలో పాత రాతి ఇల్లు కొనుక్కున్నాం. గ్యాస్ లైను లేదు. వంటింట్లో కిరసనాయిలుతో నడిచే రేబర్న్ పొయ్యి ఉంది, నలభై ఏళ్లదట. వంట దానిమీదే, స్నానాలకి వేడినీళ్లు, రేడియేటర్లకి వేడి కూడా దాన్నుంచే. నీలంగా ఉండే మంట ఈమధ్య పసుపుగా వస్తోంది, గోడకి మసి, పొద్దున్నే కిరసనాయిలు వాసన. డిసెంబరులో మా అత్తగారు గుంటూరు నుంచి వస్తున్నారు. ఈ ఒక్క చలికాలం నెట్టుకొచ్చి తర్వాత మార్చుకోవచ్చా? అలాంటిదే కొత్తది కొనాలా?

జవాబు: ఇలాగే నెట్టుకురావద్దమ్మా. మంట రంగు మారడం, మసి, వాసన, మూడూ కలిసి వచ్చాయంటే కిరసనాయిలు సరిగ్గా కాలడం లేదు, అలాంటప్పుడే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి వాసన ఉండదు కాబట్టి, ఏ రోజైనా కిరసనాయిలు వాసన రాకపోయినా ధైర్యపడకండి. ఇవాళే పొయ్యి ఆపేసి, ఆ వాయువుని పసిగట్టే అలారం కొనిపెట్టి, ఆఫ్టెక్‌లో (కిరసనాయిలు పొయ్యిలు, బాయిలర్లు చూసే ఇంజనీర్లని నమోదు చేసే సంస్థ) నమోదైన ఇంజనీర్‌ని పిలవండి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే అందరూ బయటికి వచ్చేసి అత్యవసర నంబరు 999కి ఫోన్ చేయండి.

బర్నర్‌లో మసి పేరుకుపోయిందంతే అయితే శుభ్రం చేస్తే మళ్లీ నీలం మంట రావచ్చు. ఇంజనీర్ చూసి సరే అంటేనే వెలిగించండి.

అలాంటిదే కొత్తది మాత్రం నేనైతే కొనను. డిసెంబరు రాత్రి అది మొరాయిస్తే వేడినీళ్లూ లేవు, అన్నమూ లేదు. పైగా మన వంటకి అది కుదరదు. గుండ్రటి మూకుడు ఆ చదును పలక మీద సరిగ్గా ఆనదు, పోపుకి కావాల్సిన వేడి గబుక్కున రాదు, రెండు పూటలా పలక మీది మూత తెరిచి పెట్టుకుంటే పలకే చల్లబడిపోతుంది. వంటకి విడిగా ఇండక్షన్ పొయ్యి పెట్టించుకోండి. దానికీ చదును అడుగున్న, అయస్కాంతం అంటుకునే గిన్నెలే కావాలి కానీ, వేడి చెప్పినట్టు వింటుంది, ఆవాలు మాడిపోవు. మూకుడు వదల్లేకపోతే సిలిండర్ గ్యాస్ పొయ్యి, అది గ్యాస్ సేఫ్ అనే అధికారిక పట్టికలో నమోదైన ఇంజనీరే బిగించాలి.

గదుల వేడికి, వేడినీళ్లకి కొత్త కిరసనాయిలు బాయిలర్ లేదా హీట్ పంపు (బయటి గాలిలోనో నేలలోనో ఉన్న వేడిని ఇంట్లోకి తెచ్చే కరెంటు యంత్రం). హీట్ పంపుకి ఇంగ్లండ్, వేల్స్‌లలో బాయిలర్ అప్‌గ్రేడ్ స్కీమ్ అనే ప్రభుత్వ పథకం కింద 7,500 పౌండ్ల సాయం ఉంది, బిగించే కంపెనీయే దరఖాస్తు చేసి బిల్లులో తగ్గిస్తుంది. కానీ రాతి ఇల్లు కాబట్టి ముందు వేడి ఎంత పోతోందో లెక్క కట్టించాలి, రేడియేటర్లు కొన్ని మార్చాల్సి రావచ్చు, ఇది హడావిడిగా తేలే పని కాదు. పాత పొయ్యి బాగైతే ఈ చలికాలం గదుల వేడికే వాడుకుంటూ వసంతంలో మార్చండి, బాగవకపోతే బాయిలర్ ఇప్పుడే బుక్ చేయండి, చలి ముదిరాక మనుషులు దొరకడం కష్టం. పాత పొయ్యిని మీరే విప్పకండి, లోపల ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ పీచు దుమ్ము ఊపిరితిత్తులకి ప్రమాదం.

అత్తగారి గదిలో ఒక ఎలక్ట్రిక్ రేడియేటర్ విడిగా పెట్టి ఉంచండి.