రాన్ పాల్ అడిగిన ఆడిట్ ఏది?

ప్రశ్న: అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్‌ను ఆడిట్ చేయాలని అక్కడి నేత రాన్ పాల్ ఏళ్లతరబడి పట్టుబట్టారు. అంటే ఆ బ్యాంకు లెక్కలు ఎవరూ చూడరా?

జవాబు: చూస్తారు. బయటి ఆడిటర్లు ఏటా ఖాతాలు తనిఖీ చేస్తారు. ఆయన పేచీ వేరు. అమెరికా చట్టసభ కాంగ్రెస్ తరఫున తనిఖీ చేసే సంస్థ జీఏఓకు 1978 చట్టం అధికారమిస్తూనే, వడ్డీరేట్ల వంటి ద్రవ్యవిధాన నిర్ణయాలను, విదేశీ కేంద్ర బ్యాంకులతో లావాదేవీలను మినహాయించింది. కీలకమంతా అక్కడే ఉంది మరి! 2010లో డాడ్-ఫ్రాంక్ చట్టం 2008 ఆర్థిక సంక్షోభకాలపు అత్యవసర రుణాలపై మాత్రం ఒక్కసారి తనిఖీకి వీలిచ్చింది. ఆ మినహాయింపులను తొలగించే పాల్ బిల్లు 2012 జులైలో ప్రతినిధుల సభలో 327–98తో నెగ్గినా సెనేట్ చేపట్టలేదు. రేట్లపై రాజకీయ ఒత్తిడి పెరుగుతుందన్న అప్పటి ఫెడరల్ రిజర్వ్ అధ్యక్షుడు బెర్నాంకీ అభ్యంతరం కొట్టిపారేయదగ్గదేమీ కాదు.