స్టెప్నీ లేని కారులో వైజాగ్ వెళ్తానంటున్న అమ్మాయికి

అమ్మలూ,

నువ్వు సెకండ్ హ్యాండ్‌లో బీఎండబ్ల్యూ కొన్నావని, సంక్రాంతికి పిల్లల్ని ఎక్కించుకుని హైదరాబాద్ నుంచి వైజాగ్ దాకా నువ్వే నడుపుకుంటూ వెళ్తావని మీ నాన్న చెప్పాడు. వాడికెంత గర్వమో నాకూ అంతే. కానీ "డిక్కీలో స్టెప్నీ లేదన్నయ్యా, పంచరైనా నడిచే టైర్లంట, ఇక టెన్షనే లేదు" అన్నాడు చూడు, ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. కొనేముందు నాకో ఫోన్ చేస్తే ఏం పోయేది?

నడుస్తాయి, నిజమే. రన్‌ఫ్లాట్ అనే ఈ టైర్ల పక్క గోడలు మందంగా ఉంటాయి కాబట్టి గాలి లేకున్నా బరువు మోస్తాయి. అయితే కంపెనీలు మామూలుగా చెప్పే లెక్క 80 కి.మీ. వేగం దాటకుండా 80 కి.మీ. దూరం. మనుషులు, సామాను నిండా ఉంటే అదీ తగ్గుతుంది.

గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూసుకో. ఎంత పట్టాలో డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. నిండు లోడుకు వేరే అంకె ఉంటే నీకు కావాల్సింది అదే. దారిలో వేడెక్కిన టైరులో నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తే తీయించకు.

డిపోలో నేను టైర్ సెక్షన్‌లో ఉన్నప్పుడు మా భయమంతా బస్సు వెనక జంట టైర్లతోనే. లోపలిది పంచరైతే బయటిది మోసేది, కంటికి ఏమీ తెలిసేది కాదు. అందుకే రాడ్డుతో ఒక్కోదాన్నీ కొట్టి చప్పుడు వినేవాళ్లం. నువ్వు అక్కడే పాత ట్యూబు మీద కూర్చుని ఊగుతూ, "పెద్దనాన్నా, ఇది మాట్లాడట్లేదు" అనేదానివి. నీ కారు టైరు అంతకన్నా మొండిది. గాలి పోయినా నిటారుగానే నిలబడుతుంది. చూసినా, కాలితో తన్నినా తెలియదు. చెప్పేది డాష్‌బోర్డు మీద పసుపు లైటు ఒక్కటే.

ఆ లైటును నమ్మని ఒకాయన కారును మన సూర్యాపేట టైర్ల షాపుకు టోయింగ్ బండి మీద తెచ్చారు. నార్కట్‌పల్లి దగ్గర లైటు వెలిగిందట. దిగి చూశాడు, నాలుగు టైర్లూ బాగానే కనిపించాయి. సెన్సర్ తప్పు చూపిస్తోందనుకుని స్క్రీన్ మీద రీసెట్ నొక్కాడు. లైటు పోయింది. ఆ కారులో చక్రాలకు సెన్సర్లే లేవమ్మా. గాలి తగ్గిన చక్రం మిగతావాటికన్నా కాస్త వేగంగా తిరుగుతుంది, ఆ తేడాను బట్టే లైటు వేస్తుంది. రీసెట్ నొక్కడమంటే "ఇప్పుడున్నదే సరైన గాలి, ఇదే గుర్తుపెట్టుకో" అని దానికి చెప్పడం. అప్పటికే గాలి దాదాపు అంతా పోయి ఉండాలి. పెళ్లికి ఆలస్యమవుతోందని 120లో వచ్చాడు. సూర్యాపేట చేరకముందే వెనక టైరు చీలికలై ఊడిపోయింది, కారు తిరిగి డివైడర్‌ను కొట్టింది. వాళ్లమ్మగారి భుజం ఎముక విరిగింది. ఆ టైరులో మిగిలిన భాగాన్ని నేనే రిమ్ము నుంచి విప్పాను. లోపల గుప్పెళ్లకొద్దీ నల్లటి రబ్బరు పొడి. ఆయన ఆ పొడి చేతిలోకి తీసుకుని "బయటికి ఏమీ కనపడలేదు సార్" అంటూనే ఉన్నాడు. వెనక సీట్లో నీ పిల్లల వయసు వాళ్లిద్దరున్నారు. వాళ్లకు ఏమీ కాలేదు.

కాబట్టి గేజితో నాలుగూ కొలిచి, గాలి సరిచేయకుండా రీసెట్ జోలికి వెళ్లావంటే ఊరుకోను. మంచి గేజి ఒకటి నేనే కొని ఉంచాను.

లైటు వెలిగితే గట్టిగా బ్రేకు కొట్టకు. మెల్లగా వేగం తగ్గించి ఎడమకు రా, మనుషులున్న చోట ఆపు. నీ సైజు రన్‌ఫ్లాట్ చిన్న ఊళ్లలో దొరకడం కష్టం. కోదాడలో గాలి పోతే విజయవాడ 80 కి.మీ. పైనే, ఎలాగోలా లాగేద్దామనుకోకు. 1033కు ఫోన్ చెయ్యి, అది హైవే హెల్ప్‌లైన్. బండిని లారీ మీద ఎక్కించు. గాలి లేకుండా నడిచిన టైరుకు పంచరు స్ట్రిప్ గుచ్చి పంపిస్తామంటే ఒప్పుకోకు, మార్చాల్సిందే. డబ్బు తక్కువైతే నాకు చెప్పు, మీ నాన్నకు తెలియక్కర్లేదు.

టైరు పక్కన డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస ఉంటుంది. దాని చివర నాలుగంకెలు చూడు. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. నాలుగింటికీ ఫోటోలు తీసి ఈ ఆదివారంలోగా పంపు. బయటివైపు కనపడకపోతే లోపలివైపు వెతుకు. పాతవైతే పండక్కి ముందే మార్పిద్దాం. వెళ్లే రోజు షాపు దగ్గర ఆగు, గేజి తీసుకుందువు. పిల్లలకు మీ పెద్దమ్మ సకినాలు చేస్తానంటోంది.

మీ పెద్దనాన్న