రాస్ప్‌బెర్రీ పై పికోను డీబగ్గర్‌గా మార్చే ఫర్మ్‌వేర్‌ను సొంతంగా బిల్డ్ చేసి ఎక్కించడం ఎలా?

పికో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డును డీబగ్గర్‌గా, అంటే మరో చిప్‌లో నడిచే ప్రోగ్రాంను పరిశీలించి తప్పులు పట్టే పరికరంగా, వాడుకోవచ్చు. దానికి కావలసిన ఫర్మ్‌వేర్, రాస్ప్‌బెర్రీ పై వాళ్ల ‘డీబగ్‌ప్రోబ్’, సోర్సు గిట్‌హబ్‌లో ఉంది. దాన్ని క్లోన్ చేశాక సబ్‌మాడ్యూళ్లు (అది వాడుకునే ఇతర ప్రాజెక్టుల కోడ్) కూడా తప్పకుండా దించుకోండి, లేకపోతే బిల్డ్ మధ్యలోనే ఆగిపోతుంది. ఆర్మ్ జీసీసీ (కంపైలర్), సీమేక్ (బిల్డ్‌ను సిద్ధం చేసే టూల్), పికో ఎస్‌డీకే (పికోకు కోడ్ రాయడానికి కావలసిన లైబ్రరీలు) మీ సిస్టంలో ఉండాలి. ఎస్‌డీకే ఎక్కడుందో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో చెప్పాలి.

చాలామంది ఇరుక్కునేది సీమేక్ దగ్గర. ఏ ఆప్షనూ ఇవ్వకపోతే, విడిగా అమ్మే డీబగ్ ప్రోబ్ పరికరానికి సరిపోయే ఫైలు తయారవుతుంది. దాని పిన్నులు వేరు. అది మామూలు పికోలో వేస్తే యూఎస్‌బీలో చక్కగానే కనిపిస్తుంది కానీ, మీరు డీబగ్ చేయాలనుకునే అవతలి చిప్ మాత్రం దొరకదు. తప్పు వైరింగ్‌లో ఉందనుకుని గంటలు పోతాయి. అందుకే ‘డీబగ్ ఆన్ పికో’ ఆప్షన్‌ను ఆన్ చేసి బిల్డ్ చేయండి.

ఎక్కించడం తేలిక. బూట్‌సెల్ బటన్ నొక్కి పట్టుకుని కేబుల్ పెడితే పికో ఒక డ్రైవ్‌లా కనిపిస్తుంది, బిల్డ్‌లో వచ్చిన యూఎఫ్2 ఫైలును అందులోకి కాపీ చేస్తే చాలు. పికోలోని ఆర్‌పీ2040 చిప్‌లో, ఇలా ఫైలు ఎక్కించుకునే బూట్‌లోడర్ ఫ్లాష్‌లో కాక, మార్చడానికి వీల్లేని రోమ్‌లో ఉంటుంది. కాబట్టి తప్పు ఫైలు వేసినా బోర్డు పాడవుతుందన్న టెన్షన్ వద్దు, మళ్లీ అలాగే వేసుకోవచ్చు.

పికోలోని జీపీ2 పిన్నును అవతలి బోర్డు ఎస్‌డబ్ల్యూక్లాక్ (డీబగ్ క్లాక్) పిన్నుకి, జీపీ3ని ఎస్‌డబ్ల్యూడీఐవో (డీబగ్ డేటా) పిన్నుకి కలపండి, గ్రౌండ్ మరవద్దు. ఇవి 3.3 వోల్టుల పిన్నులు, 5 వోల్టులు తగలనివ్వకండి. కంప్యూటర్ నుంచి డీబగ్గర్‌తో మాట్లాడే ఓపెన్‌ఓసీడీ ప్రోగ్రాంలో ఇంటర్‌ఫేస్‌గా సీఎంసిస్-డాప్ ఎంచుకోండి. లినక్స్‌లో పర్మిషన్ ఎర్రర్ వస్తే యూడెవ్ రూల్ (పరికరాన్ని వాడే అనుమతి ఇచ్చే సెట్టింగ్) జోడించాలి.