టర్బైన్ సంగతి తర్వాత, ముందు గ్యాస్ సంగతి చూడు

అబ్బయా,

పాత బొగ్గు స్టేషన్ తీసేసి గ్యాస్ ప్లాంటు కట్టే పనిలో నిన్ను అమెరికాలో టెన్నెసీ రాష్ట్రంలో వేశారని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన మెసేజీలు కూడా చదివాను, ముప్పాతిక వంతు టర్బైన్ గురించే ఉన్నాయి. నీ వయసులో నేనూ అంతే. నెల్లూరులో మన పాత 30 మెగావాట్ల థర్మల్ స్టేషన్‌లో ఉన్నప్పుడు మెషిన్ తప్ప ఇంకేదీ కంటికి ఆనేది కాదు.

టర్బైన్ మంచిదే, కాదనను. పాత బొగ్గు యూనిట్ నూటికి 33, 35 పాళ్ల వేడిని కరెంటు చేస్తే గొప్ప. గ్యాస్ టర్బైన్ వదిలిన వేడితో మళ్లీ ఆవిరి పుట్టించే కంబైన్డ్ సైకిల్ అయితే 60 దగ్గరికి పోతుంది. యూనిట్ కరెంటుకి బొగ్గు సుమారు కిలో కార్బన్ డయాక్సైడ్ వదులుతుంటే ఇది 400 గ్రాముల లోపే. బూడిద లేదు, గంధకం గొడవ లేనట్టే. పొద్దుగుంకి సోలార్ పడిపోయినప్పుడు చప్పున లోడ్ ఎత్తుకుంటుంది కూడా.

అయితే బొగ్గుకి గుట్ట ఉంటుంది, గ్యాస్‌కి ఉండదు. యార్డులో బొగ్గు ఉంటే రైలు రాకపోయినా పది పదిహేను రోజులు నిద్ర పడుతుంది. గ్యాస్ అలా కాదు, పైపులో వచ్చింది వచ్చినట్టే కాలిపోవాలి, పైపు ఆగితే నిమిషాల్లో నువ్వూ ఆగుతావు. ఇది మేం చదివి నేర్చుకున్నది కాదు. 2009లో మన కృష్ణా-గోదావరి తీరంలోని సముద్రంలో, కేజీ బేసిన్ డీ6 అనే చోట, గ్యాస్ పడగానే గోదావరి జిల్లాల నుంచి కొండపల్లి దాకా అందరికీ పండగే, ఇక మనకు కరెంటు కష్టాలు తీరినట్టేనని నేను కూడా టీ కొట్టు దగ్గర ఉపన్యాసాలు ఇచ్చాను. రెండేళ్లు తిరక్కుండానే ఉత్పత్తి జారడం మొదలైంది, 2013 మార్చికల్లా కరెంటు ప్లాంట్లకు ఆ గ్యాస్ రావడం ఆగిపోయింది. వేల మెగావాట్లు ఊరికే కూర్చున్నాయి. సామర్లకోటలో పెద్ద ప్లాంటు కోసం తెప్పించిన మెషిన్లలో కొన్ని ఇక్కడ ఒక్క యూనిట్ కరెంటు ఇవ్వకుండానే ఓడెక్కి బంగ్లాదేశ్ పోయాయి. ఒంగోలు గిత్తల్ని తోలుకొచ్చి వామి వేయడం మర్చిపోయిన రైతు లెక్క అయింది మా పని.

మీ దేశంలో గ్యాస్ బావులకు కొదవ లేదంటావు. సరే, 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో ఏమైంది? బావుల దగ్గరే చలికి గడ్డకట్టి గ్యాస్ రాలేదు. 2022 డిసెంబర్‌లో క్రిస్మస్ ముందు మీ టెన్నెసీలోనే బొగ్గు యూనిట్లూ గ్యాస్ యూనిట్లూ రెండూ మొరాయించి, అక్కడి ప్రభుత్వ కరెంటు సంస్థ టీవీఏ తన చరిత్రలో మొదటిసారి విడతలవారీగా కరెంటు కోసింది. కాబట్టి పైప్‌లైన్ కాంట్రాక్ట్ చేతికి తీసుకుని చదువు. అందులో నీ వాటా 'ఫర్మ్', అంటే ఎప్పుడైనా తప్పకుండా ఇచ్చే రకం, అని ఉందా, అవసరమైతే వాళ్లు ఆపేసే రకమా? ఆపేసే రకం చవకే, గడ్డకట్టే చలిలో ముందు ఆగేది కూడా అదే. డీజిల్‌తో నడిచే ఏర్పాటు, దానికి ట్యాంకులు పెట్టమని నువ్వే అడుగు, ఖర్చని ఎవడైనా మూతి ముడిస్తే ముడవనీ.

మీటింగ్‌లో ఎవరో ఒకరు పాత బాయిలర్‌కే గ్యాస్ బర్నర్లు బిగిద్దామంటారు. తొందరగా అయిపోతుంది, ఖర్చు తక్కువ, కానీ ఎఫిషియెన్సీ పాతదే, ఖరీదైన గ్యాస్ పోసి పాత బండి నడిపినట్టు. ఎప్పుడో ఒకప్పుడు నడిపే యూనిట్‌కైతే ఫర్వాలేదు. కరెంటు బయటికి పంపే స్విచ్‌యార్డు, లైన్లు, నీళ్లు తోడుకునే ఇన్‌టేక్ మాత్రం వదులుకోవద్దు, పాత స్టేషన్‌లో అసలు ఆస్తి అదే. ఇంకోటి, టర్బైన్ మీద రాసిన మెగావాట్లు 15 డిగ్రీల గాలికి లెక్క. మన రోహిణి కార్తె వేడి గాలికైతే అందులో ఐదో వంతు దాకా తగ్గిపోతుంది. మీకంత ఎండ ఉండదులే, అయినా ఆగస్టు లెక్క విడిగా వేయించు.

బూడిద చెరువు ఉంది చూశావూ, బాయిలర్ చల్లారినా అది ఎక్కడికీ పోదు. మీ రాష్ట్రంలోనే కింగ్‌స్టన్‌లో 2008 డిసెంబర్ 22 అర్ధరాత్రి దాటాక కట్ట తెగి సుమారు 40 లక్షల ఘనపు మీటర్ల బూడిద బురద నదిలోకీ ఇళ్ల మీదకీ వచ్చింది. పనంతా కొత్త ప్లాంటు వైపు పోయాక ఆ కట్ట వైపు చూసేవాడు ఉండడు. దానికి బడ్జెట్, మనిషి, బాధ్యత ఇప్పుడే విడిగా రాయించు, గ్యాస్ ప్లాంటు పద్దులో కలపనివ్వకు.

ఊరివాళ్లతో మాట్లాడేటప్పుడు 'క్లీన్' అనే మాట తగ్గించు. పైపుల్లో కారే మీథేన్ ఇరవై ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు వేడి పెంచుతుంది, ఆ సంగతి చదువుకున్నవాడు ఒకడు మీటింగ్‌కి వస్తాడు. పైగా బొగ్గు ప్లాంటులో వందల మంది చేసిన చోట గ్యాస్‌కి పదుల్లో చాలు. మా పాత స్టేషన్ మూసినప్పుడు బొగ్గు దించి మోసే కోల్ హ్యాండ్లింగ్‌లో ఉన్న కాంట్రాక్ట్ వాళ్లకి కబురు చివర్లో తెలిసింది, అందులో ఒకతను ఇప్పటికీ ట్రంకు రోడ్డులో కనిపిస్తే నాతో మాట్లాడడు. నాకు ముందే తెలుసని అతనికి తెలుసు.

కొత్త ప్లాంటు పూర్తి లోడు మీద ఒక చలికాలం దాటేదాకా పాత చిమ్నీ మీద చెయ్యి వేయనివ్వకు. వచ్చే ఆదివారం ఫోన్ చేసేలోపు ఆ కాంట్రాక్ట్ చదివి, 'ఫర్మ్' అనే మాట ఉందో లేదో చెప్పు.

మీ మామ