వ్యాన్ బాడుగ ఒక్కటే చూసి బయల్దేరకండి

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. అనంతపురంలో హెడ్‌మాస్టరుగా రిటైరయ్యాను. వచ్చే మార్చిలో మా ఆవిడతో న్యూజిలాండ్ దక్షిణ దీవికి వెళ్లి, క్యాంపర్ వ్యాన్ (లోపలే పడక, వంట ఉండే బండి) బాడుగకు తీసుకుని 30 రోజులు తిరగాలని కోరిక. వ్యాన్‌కు రోజుకు 110 డాలర్లన్నారు, కొటేషన్ జతచేశాను. ఇద్దరికీ విమానం టికెట్లు 2,20,000. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 9 లక్షలున్నాయి. చాలకపోతే, 14 నెలల కిందట సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో వేసిన 15 లక్షలు తీసేయనా?

జవాబు: మాస్టారూ, ఆ 15 లక్షల జోలికి వెళ్లొద్దు. ఏడాది దాటి రెండేళ్లలోపు ఖాతా మూసేస్తే అసలులో ఒకటిన్నర శాతం, అంటే 22,500 కోసుకుంటారు. 8.2 శాతం వడ్డీ మీద మూడు నెలలకోసారి చేతికొచ్చే 30,750 కూడా ఆగిపోతుంది. మీ ప్రయాణం 9 లక్షల్లోనే అవుతుంది. కాకపోతే లెక్క వేరే చోట మొదలుపెట్టాలి.

మన జిల్లాలో బోరు వేయించినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. బండివాళ్లు అడుగుకు ఇంత అంటారు. కేసింగు, మోటారు, కేబుల్, పైపులు కలిసేసరికి లెక్క ఇంకెక్కడికో పోతుంది. వ్యాన్ రోజు బాడుగ కూడా అడుగు రేటులాంటిదే. న్యూజిలాండ్ డాలరు 55 రూపాయలనుకుంటే (కాస్త ఎక్కువ వేసుకోవడమే మేలు) 30 రోజులకు 1,81,500. మీ కొటేషన్ రెండో పేజీ చూడండి. బాండ్ 5,000 డాలర్లని ఉంది. ఉత్తరంలో దాని ఊసే లేదు కాబట్టి మీరు గమనించి ఉండరు. తాళాలిచ్చే ముందు ఆ 2,75,000 మీ క్రెడిట్ కార్డు మీద ఆపేస్తారు. వ్యాన్‌కు దెబ్బ తగిలితే అందులోంచే పట్టుకుంటారు.

దక్షిణ దీవిలోని క్రైస్ట్‌చర్చ్‌లో అలాంటి కౌంటరు ముందు నేనూ మా ఆవిడా గంటసేపు నిలబడ్డాం. విమానం దిగి నేరుగా వెళ్లాం, ఇద్దరికీ నిద్ర లేదు. కార్డు పెట్టాను, వెళ్లలేదు. నా లిమిట్ 2 లక్షలే. ఖాతాలో డబ్బుంది, కానీ బాండ్‌కు డెబిట్ కార్డు చెల్లదన్నారు. మా ఆవిడ కార్డిస్తే, నడిపేవాళ్ల పేరు మీదే ఉండాలన్నారు. సూట్‌కేసుల మీద కూర్చుని బెంగళూరులో మా అబ్బాయికి ఫోన్ చేస్తే అక్కడ ఇంకా తెల్లారలేదు. చివరికి పూర్తి బీమా కవరు ఒప్పుకుని, చదవకుండానే సంతకం పెట్టాను. మీకు ఆ పరిస్థితి రాకూడదు.

మీ కొటేషన్‌లో రోజుకు 35 డాలర్ల కవరుంది. అది తీసుకుంటే బాండ్ 250 డాలర్లకు దిగుతుంది. మొత్తం 57,750. తిరిగిరాని డబ్బే, అయినా తీసుకోమంటాను. అక్కడా మనలాగే ఎడమవైపే నడుపుతారు గానీ, అంత పొడవు బండి మీకు కొత్త. 2,75,000 దినదినగండంగా పెట్టుకుని నెల్లాళ్లు ఏ కొండనూ ప్రశాంతంగా చూడలేరు. ఇంటి దగ్గరే నిదానంగా షరతులు చదవండి. కప్పుకు, అడుగుభాగానికి తగిలే దెబ్బలు, డీజిల్ బండిలో పెట్రోలు పోయడం చాలా కవర్లలోకి రావు.

అక్కడ బంకులో డీజిల్ చౌకగా కనిపిస్తుంది. రోడ్డు పన్ను అందులో కలవదు మరి. వ్యాన్ తిరిగిచ్చేటప్పుడు కిలోమీటర్ల లెక్కన విడిగా కట్టాలి. మీ కొటేషన్ ప్రకారం 100 కిలోమీటర్లకు 9 డాలర్లు, 3,000 తిరిగితే 14,850.

విమానం టికెట్లతో సహా ఇవన్నీ పోను 4,25,900 మిగులుతుంది. వీసాలకు, ప్రయాణ బీమాకు 80,000 పక్కన పెట్టండి. ప్రమాదంలో గాయపడితే ఆ దేశపు ప్రభుత్వ పథకం సందర్శకుల చికిత్సకూ వర్తిస్తుంది, జబ్బు చేస్తే వర్తించదు. కాబట్టి బీపీలాంటిదేదైనా ఉంటే బీమా ఫారంలో దాచకుండా రాయండి. డీజిల్, మకాం, వంట కలిపి రోజుకు 7,000 చొప్పున 2,10,000. ఆ తర్వాత కూడా 1,35,900 ఉంటుంది. అది ఆపదకు, ముట్టుకోవద్దు.

400 డాలర్ల జరిమానాలు రెండున్నాయి. మేడం గారు కట్టే చెనక్కాయల పొడి, ఊరగాయ దిగగానే డిక్లరేషన్‌లో చూపించాలి, దాస్తే ఒకటి. స్థిరమైన టాయిలెట్ ఉందన్న సర్టిఫికెట్ లేని వ్యాన్‌ను ఊరికే దొరికే స్థలాల్లో రాత్రి నిలిపితే ఇంకొకటి. ఆ సర్టిఫికెట్ ఉందో లేదో బుక్ చేసేముందే అడగండి.

దిగిన రోజు వ్యాన్ తీసుకోవద్దు. ఒక రాత్రి మోటెల్లో పడుకోండి. మర్నాడు పగటి వెలుతురులో అద్దం, టైర్లు, కప్పు అంచులు, లోపల స్టవ్వు అన్నీ వీడియో తీశాకే సంతకం చేయండి.

ఏజెంటు దగ్గర ప్యాకేజీగా కొంటే టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే పన్ను) మొదటి రూపాయి నుంచే పడుతుంది. టికెట్లు, వ్యాన్ విడివిడిగా మీరే బుక్ చేసుకోండి. చెల్లించేచోట రూపాయల్లోనా డాలర్లలోనా అని అడిగితే డాలర్లే అనండి.

ఈ వారమే బ్యాంకుకు వెళ్లి, 9 లక్షల్లో 2 లక్షల డిపాజిట్‌ను హామీగా పెట్టి మీ పేరున క్రెడిట్ కార్డు అడగండి. వడ్డీ వస్తూనే ఉంటుంది. కార్డు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఆర్టీవో ఆఫీసులో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌కు 1,000 రూపాయలు, ఏడాది చెల్లుతుంది. కార్డు చేతికొచ్చాక లిమిట్ ఎంతిచ్చారో రాయండి. వ్యాన్‌కు అడ్వాన్సు ఆ తర్వాతే కట్టండి.